ఇన్సులిన్ సూది గురించి బొమ్మల కథ వేయాలి, బొమ్మలు రాని నర్సుకు సలహా చెప్పండి

ప్రశ్న (స్టాఫ్ నర్సు)
అందరికీ నమస్కారం. నేను ఒక మండల కేంద్రంలోని ఆస్పత్రిలో బీపీ, సుగర్ రోగుల్ని చూసుకుంటాను. కొత్తగా ఇన్సులిన్ మొదలైనవాళ్లకు సూది వేసుకోవడం నేర్పేది నేనే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. మా దగ్గరున్న కరపత్రం 'ఉదర ప్రాంతమున చర్మము క్రింద' అని మొదలవుతుంది. పోయిన నెల ఒకాయన ఆ కాగితాన్ని పొట్లంలా మడిచి అందులో సిరంజీలు పెట్టుకొచ్చాడు. అదీ ఒక ఉపయోగమే అనుకోండి.

నాకు చదవడం రాకముందే చందమామలో బొమ్మలు చూసి కథంతా నా సొంతంగా చెప్పేసేదాన్నని మా అమ్మ అంటుంది. అలా బొమ్మలతోనే సూది సంగతి చెబితే ఎలా ఉంటుందని ఆలోచన. చిక్కు ఏమిటంటే నాకు బొమ్మలు రావు. మనిషిని వేస్తే కొబ్బరిచెట్టులా వస్తుంది. కలర్ ప్రింటుకు డబ్బుల్లేవు, జిరాక్సే దిక్కు. పైగా మా సార్ "పెద్దవాళ్లకి బొమ్మల కథలేంటమ్మా, ఎగతాళి అనుకుంటారు" అన్నారు. ఎన్ని బొమ్మలు వేయాలి, ఎంత రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? కాస్త చెప్పండి.

జవాబు (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)
ఇంత కష్టమెందుకండీ? యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. ఒకటి ఫార్వర్డ్ చేస్తే సరి.

ప్రశ్న అడిగిన నర్సు
చేశానండీ. ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు. సూది పొద్దున ఏడింటికి పడాలి.

జవాబు (డ్రాయింగ్ మాస్టారు, రిటైర్డ్)
అమ్మా, కొబ్బరిచెట్టు మనుషులే చాలు. బెంగ పెట్టుకోకు.

మన దేశంలో ఈ పద్ధతికి ఒక దారి ఎప్పుడో పడింది. వరల్డ్ కామిక్స్ ఇండియా అనే సంస్థ, శరద్ శర్మ గారిది, ఊళ్లలో మామూలు జనం చేతే బొమ్మల కథలు వేయిస్తుంది. గ్రాస్‌రూట్స్ కామిక్స్ అంటారు. నాలుగే గళ్లు. రెండు ఏ4 కాగితాలు పక్కపక్కన అంటిస్తే గోడకు సరిపోయే బొమ్మ. నలుపు తెలుపు, జిరాక్సు తీసుకోవడానికే పుట్టింది. చిత్రకారుడు వేసినదానికంటే ఆ బాధ పడినవాడు వేసిందే జనానికి దగ్గరగా ఉంటుందని వాళ్ల నమ్మకం. నలభై ఏళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పాను, నేనూ అదే అంటాను.

ముందు కాగితం మీద గీయొద్దు. ఒక్క మాట తేల్చుకో. 'ఇన్సులిన్ గురించి' అంటే అది ఒక మాట కాదు, అందులో ఇరవై సంగతులున్నాయి. 'రోజూ ఒకే చోట పొడవకూడదు' అన్నది ఒక మాట. దానికి ఒక మనిషిని పెట్టు. మొదటి గడిలో ఆయన అలవాటుగా బొడ్డు పక్కన అదే చోట సూది వేసుకుంటున్నాడు. రెండో గడిలో అక్కడ గడ్డలా గట్టిపడింది, సుగర్ తగ్గట్లేదని విసుక్కుంటున్నాడు. మూడో దాంట్లో నువ్వు ఆ గడ్డ మీద వేలు పెట్టి చూపిస్తున్నావు. నాలుగో దాంట్లో ఆయనే భార్యకు చెబుతున్నాడు, "నిన్న ఇటు, ఇవాళ అటు." కథలో ఆఖరి మాట నర్సు నోట పెట్టకు, రోగి నోట పెట్టు. డాక్టరు వేలు చూపిస్తూ నిలబడ్డ బొమ్మలు ఆస్పత్రి గోడల మీద చాలా చూశాం, ఒక్కటీ గుర్తులేదు.

గీయడం రాకపోతే ఫోటో తీసి కిటికీ అద్దం మీద పెట్టి కాగితం వేసి అచ్చు దించు. అందులో సిగ్గేం లేదు. ముఖాలకు రెండు చుక్కలు, ఒక గీత చాలు, చేతులు మాత్రం శ్రద్ధగా వెయ్యి. సిరంజీ పట్టుకున్న తీరు తప్పితే కథంతా తప్పినట్టే.

ఇంకో సంగతి. చెయ్యి ఒక్కటే పెద్దగా వేస్తావనుకో, బొమ్మలు చూసే అలవాటు లేనివాళ్లకు అది తెగిపోయిన చెయ్యిలా కనబడుతుంది. ముందు గడిలో మనిషి మొత్తం ఉండాలి, తర్వాతి గడిలో దగ్గరగా చేయి, అదే గాజులతో, అదే చొక్కా అంచుతో. కొట్టివేత గుర్తు కూడా అంతే. బడికి వెళ్లినవాడికే ఇంటూ అంటే తప్పు అని తెలుస్తుంది. వెళ్లనివాడికి అవి రెండు పుల్లలు.

మాటలు గడికి పదికి మించొద్దు. మన అక్షరాలకు కింద వత్తులుంటాయి, ఇంగ్లీషు లెక్కన మాటల బుడగ గీస్తే 'ప్ర' తోక బయటికొస్తుంది. ముందు మాటలు రాసి, ఆ తర్వాత చుట్టూ బుడగ గీయి. నేను ఇది తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

జవాబు (కమ్యూనిటీ మెడిసిన్ పీజీ)
మీ సార్‌కి ఒక మాట చెప్పండి మేడమ్. బొమ్మల కథలు వైద్యంలో పిల్లల వ్యవహారం కావు. వేల్స్‌లో ఇయాన్ విలియమ్స్ అనే డాక్టరు 2007లో దీనికి గ్రాఫిక్ మెడిసిన్ అని పేరు పెట్టారు. ఆయనే బొమ్మలు కూడా వేస్తారు. అమెరికాలో పెన్‌ స్టేట్ మెడికల్ కాలేజీలో మైఖేల్ గ్రీన్ అనే డాక్టరు 2009లో ఆఖరి సంవత్సరం విద్యార్థులకు కామిక్స్ పాఠం మొదలుపెట్టారు. యానల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ లాంటి పెద్ద జర్నల్లో రోగులూ డాక్టర్లూ గీసిన కామిక్స్ అచ్చవుతాయి. మన దగ్గర నెలసరి గురించి మెన్‌స్ట్రుపీడియా వాళ్లు చేసిన కామిక్ ఉంది, పలు భారతీయ భాషల్లోకి వెళ్లింది. అందులో ఒక అక్క చిన్నపిల్లలకు విడమరిచి చెబుతుంది, అంతే.

ఇక విషయానికొస్తే, మాస్టారు చెప్పిన సూది చోటు కథ మంచిదే కానీ నన్నడిగితే మొదటి కాగితం సిరంజీ గురించి ఉండాలి. మనకు రెండు రకాల ఇన్సులిన్ ఉంది కదా, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేనికి దాని సిరంజీ. ఆస్పత్రి 40 సీసా ఇస్తే, బయట మెడికల్ షాపులో 100 సిరంజీ కొనుక్కుంటారు. అందులో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. సుగర్ తగ్గదు, డాక్టరు డోసు పెంచుతారు. తిరగేసి 100 సీసా మందును 40 సిరంజీతో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు. అది ప్రాణం మీదకి వస్తుంది. దీన్ని బొమ్మలో చూపించడం తేలిక, 40 మూత ఎర్రగా, 100 మూత నారింజ రంగులో ఉంటుంది.

జవాబు (ఫార్మసిస్టు)
డాక్టరు గారూ, ఆవిడ జిరాక్సు అన్నారు. జిరాక్సులో ఎరుపూ నారింజా రెండూ ఒకే బూడిద రంగు!

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ
అవును, పప్పులో కాలేశాను.

ఫార్మసిస్టు
రంగును నమ్ముకోవద్దు మేడమ్. సీసా మీద 40 అంకె కోడిగుడ్డంత వేయండి, సిరంజీ మీదా అంతే పెద్ద 40 వేయండి, రెండింటి మధ్య ఒక గీత కలపండి. అంకెలు చాలామందికి తెలుసు, బస్సు నంబరు చూసి ఎక్కుతారు, నోటు చూసి గుర్తుపడతారు. నేనైతే కౌంటర్ దగ్గర ఇదే చేస్తాను, "సీసాలో ఉన్న అంకె, సూది మీద అంకె ఒకటేనా?" అని అడుగుతాను. గోడకు పెట్టే కాపీకి మాత్రం మూత ఒక్కదానికి ఎర్ర స్కెచ్ పెన్నుతో చేత్తో రంగు వేయండి, ఐదు రూపాయల పని.

ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్ల గురించి కూడా ఒక కాగితం పెట్టండి. ఎండాకాలం మా కొట్టుకు అదే ప్రశ్న. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఇంకో గొడవ, పైన ఐసు అరలో పెట్టేస్తారు. ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పారేయడమే.

జవాబు (ఆశా కార్యకర్త)
సిస్టరమ్మా, మాస్టారూ, నేనొక మాట. ఇంతకుముందు మాకు ఇచ్చిన బొమ్మల చార్టులో గర్భిణి బొమ్మకు బొట్టు లేదు, గాజులు లేవు. ఊళ్లో ముసలమ్మలు "పాపం, ఎవరు పోయారమ్మా ఈ పిల్లకి?" అని అడిగారు. రక్తహీనత సంగతి చెప్పేలోపు ఆ అమ్మాయి మొగుడి గురించి పావుగంట మాట్లాడాం. అలాగే రోగి ప్యాంటు వేసుకుని ఉంటే మా వాళ్లు అతన్ని ఆఫీసరనుకుంటారు. పంచె కట్టండి, లేదా లుంగీ.

గళ్లకు 1, 2, 3, 4 అని నంబర్లు పెద్దగా వేయండి. మా పక్కింటి పెద్దాయన ఏ కాగితమైనా నట్టనడుమ బొమ్మతో మొదలుపెడతాడు.

ఇంకా ముఖ్యమైంది. గీశాక చూపించి "అర్థమైందా?" అని అడగొద్దు. అందరూ అర్థమైందనే అంటారు, సిస్టరమ్మ బాధపడుతుందని. "ఇందులో ఏం జరుగుతోందో నాకు చెప్పు పెద్దమ్మా" అని అడిగి నోరు మూసుకుని కూర్చోండి. మధ్యలో సాయం చేయొద్దు. కష్టంగా ఉంటుంది, అయినా చేయొద్దు.

జవాబు (ఇంజనీరింగ్ విద్యార్థి)
ఏఐతో వేయించొచ్చు కదా మేడమ్? పది సెకన్లలో రంగుల బొమ్మ వస్తుంది.

డ్రాయింగ్ మాస్టారు
మా మనవడు అదే అన్నాడు బాబూ, వేయించి చూశాం. ఇల్లు బాగుంది, అరుగు బాగుంది, కుక్క కూడా బాగుంది. సిరంజీ మీద అంకెలు మాత్రం 10, 30, 30, 70. తెలుగు అక్షరాలైతే ఏ లిపో తెలియదు. కుక్క కావాలంటే వాడుకోండి.

ప్రశ్న అడిగిన నర్సు (పన్నెండు రోజుల తర్వాత)
అందరికీ చాలా థ్యాంక్సండీ. రెండు కాగితాలు గీశాను. మొదటిది సీసా-సిరంజీ అంకెల కథ, ఫార్మసిస్టు గారి మాటే కథలో పెట్టాను. ఆరుగురికి చూపించి ఆశా అక్క చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను. ఐదుగురు సరిగ్గానే చెప్పారు. ఆరో ఆవిడ "మీ సూది, మా సూది ఒకటేనా అని అడుగుతున్నారు" అంది. ఒక సూది ఇద్దరు వాడే సంగతి అనుకుంది. ఆ బుడగలో మాట మార్చి 'సీసా మీద 40, సిరంజీ మీద 40' అని పెట్టాను.

రెండోది చూసి మాత్రం గుండె ఆగినంత పనైంది. సుగర్ పడిపోతే ఏం చేయాలో చెబుదామని వేశాను. మూడో గడిలో రోగి గ్లాసులో మూడు చెంచాల పంచదార కలుపుకుని తాగుతున్నాడు. నాలుగో గడిలో నవ్వుతున్నాడు. ఒక పెద్దాయన చూసి ఎంత సంతోషపడ్డాడో! "సుగరున్నా పంచదార నీళ్లు తాగొచ్చన్నమాట, మా కోడలికి చూపిస్తాను, ఈ కాగితం ఇయ్యమ్మా" అన్నాడు. లాక్కున్నంత పని చేశాను.

ఇప్పుడు దీన్ని ఎలా సరిచేయాలి? ఆ ముక్క తీసేస్తే ఆ ప్రమాదం చెప్పకుండా వదిలేసినట్టు. ఉంచితే ఇలా.

కమ్యూనిటీ మెడిసిన్ పీజీ
తీసేయొద్దు మేడమ్, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు అది తప్పకుండా తెలియాలి. తప్పు ఎక్కడంటే, పంచదార ఉన్న గడి ఒక్కటే చూసినా నిలబడేలా ఉంది. దాన్ని విడిగా చూడలేకుండా చేయండి. చెమట చుక్కలు, చేతి వణుకు, కళ్లు తిరగడం, ఇవన్నీ పంచదార ఉన్న ఆ గడిలోనే ఉండాలి. సుగర్ మిషన్ ఉంటే దాని మీద 62 లాంటి అంకె వేయండి, 70 కంటే తక్కువ ఏదైనా సరే. నాలుగో గడిలో నవ్వు తీసేసి గడియారం పెట్టండి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి. తేరుకున్నాక అన్నం తినాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదన్నది ఈ నాలుగు గళ్లలో ఇరికించకండి, దానికి వేరే కాగితం.

డ్రాయింగ్ మాస్టారు
నవ్వు తీసేయడం సరైన మాట. మన బొమ్మల్లో ఆఖరి గడిలో నవ్వితే 'ఇది రోజూ చెయ్యొచ్చు' అని అర్థం. సబ్బు ప్రకటనలు నేర్పిన పాఠం అది. ఇంకోటి, మూడు చెంచాలు అని ఊరికే రాయకు, గ్లాసు పక్కన మూడు చెంచాలూ విడివిడిగా గీయి. మొదటి గడిలో సూది వేసుకుని అన్నం తినకుండా పొలానికి పరిగెత్తినట్టు చూపించు. అప్పుడు పంచదార బహుమతిలా కాక చేసిన పొరపాటుకు విరుగుడులా కనబడుతుంది.

ఆశా కార్యకర్త
పొలానికి పోయేవాడి జేబులో పంచదార పొట్లం పెట్టండి సిస్టరమ్మా. అక్కడ గ్లాసెక్కడుంటుంది, చెంచా ఎక్కడుంటుంది?

ప్రశ్న అడిగిన నర్సు
అయ్యో, నిజమే కదక్కా! నేను వంటింట్లో కూర్చుని ఆలోచించాను.

సరే, మళ్లీ గీస్తాను. మా సార్‌కి మొదటి కాగితం చూపించాను. ఏమీ అనలేదు, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు, సిరంజీలో గాలి బుడగ తీసే గడి లేదేమన్నారు. అది ఇంకో కాగితానికి దాచాను. కింద మూలన ఆయన సంతకం, తేదీ పెట్టించుకున్నాను. ఎవరైనా మార్చిన కాపీ తిరిగితే ఏది అసలుదో తెలుస్తుంది.

ఇంకో చిన్న సాయం. ఫ్రిజ్ లేనివాళ్ల కాగితం కూడా మొదలుపెట్టి మట్టికుండ గీశాను. నీళ్లలోకి సీసా నేరుగా వేసినట్టు ఉందని ఇద్దరన్నారు. మూత గట్టిగా బిగించిన డబ్బాలో సీసా, ఆ డబ్బా కుండనీళ్లలో, ఇది బయటి నుంచి ఎలా కనబడేలా గీయాలి మాస్టారూ?

డ్రాయింగ్ మాస్టారు
కుండను కోసి చూపించకు, పగిలిందంటారు. ఒక గడిలో సీసాను డబ్బాలో పెట్టి మూత బిగించడం, తర్వాతి గడిలో ఆ డబ్బా పట్టుకుని కుండలోకి దించుతున్న చెయ్యి. డబ్బా సగం నీళ్ల పైన ఉండగానే ఆపేయి. అదే గాజుల చెయ్యి, మర్చిపోకు.

ఆశా కార్యకర్త
కుండ కింద ఇసుక కూడా వేయండి మాస్టారూ. మా ఇళ్లలో ఇసుక మీదే పెడతాం.