పాకిస్తాన్‌తో శాంతి: మాట్లాడాల్సింది ప్రధానితోనా, సైన్యాధిపతితోనా?

సూటిప్రశ్న:
పాకిస్తాన్‌లో ఎన్నికైన ప్రభుత్వం బలపడితే తప్ప మనకు శాంతి ఉండదని అందరూ అంటుంటారు. నాకైతే నమ్మకం లేదు. అక్కడ ఇంతవరకు ఒక్క ప్రధానీ ఐదేళ్లూ పూర్తిగా కుర్చీలో కూర్చోలేదు. అలాంటివాళ్లతో ఒప్పందాలు చేసుకుని ఏం లాభం? 2025 మేలో కాల్పులు ఆగింది కూడా రెండు దేశాల డీజీఎంఓలు (సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్స్) ఫోన్‌లో మాట్లాడుకున్నాకే కదా. నేరుగా రావల్పిండితోనే, అంటే అక్కడి సైనిక ప్రధాన కార్యాలయంతోనే తేల్చుకుంటే పోలా?

రిటైర్డ్ రేడియో:
లాహోర్ బస్సు సంగతి గుర్తుందా? 1999 ఫిబ్రవరి 20న వాజ్‌పేయి వాఘా దాటితే నవాజ్ షరీఫ్ ఎదురొచ్చి కౌగిలించుకున్నారు. టీవీలన్నీ అదే చూపించాయి. కానీ సరిహద్దు దగ్గర స్వాగతం చెప్పినవాళ్లలో ఆ దేశపు త్రివిధ దళాధిపతులు లేరు. మర్నాడు లాహోర్ ప్రకటన మీద సంతకాలయ్యాయి. మే వచ్చేసరికి కార్గిల్. అక్టోబర్ 12న సైన్యాధిపతి ముషారఫ్ గద్దెనెక్కారు, షరీఫ్ జైలుకెళ్లారు. ప్రధాని మాట చెల్లలేదు, నిజమే. మరి చెల్లనివ్వనిది ఎవరండీ? చెడగొట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి బాగుచేయమని అడుగుదామా?

నదీతీరం:
రేడియో గారూ, మీకు కావలసినవే ఏరుకుంటున్నారు. సింధు జలాల ఒప్పందం మీద 1960లో కరాచీలో నెహ్రూ పక్కన సంతకం పెట్టింది సైనిక పాలకుడు అయూబ్ ఖాన్. నియంత్రణ రేఖ వెంట 2003 నవంబర్ కాల్పుల విరమణ ముషారఫ్ హయాంలోదే. 2021 ఫిబ్రవరిలో దాన్ని మళ్లీ నిలబెట్టిందీ డీజీఎంఓల ప్రకటనే. అప్పుడు పేరుకు ప్రధాని ఇమ్రాన్, సైన్యాధిపతి బజ్వా. ఇంకోటి. 1965లో యుద్ధానికి అయూబ్‌ను ఎగదోసినవాళ్లలో ముందున్నది అప్పటి విదేశాంగ మంత్రి భుట్టో. ఆయన యూనిఫాం వేసుకున్నవాడేం కాదు. సివిల్ డ్రెస్ వేసుకున్నవాళ్లంతా శాంతికాముకులనుకోవడం మన అమాయకత్వం.

పాత కాగితం:
ఎవరు సంతకం పెట్టారన్నది సరే, సంతకం పెట్టినవాడు దిగిపోయాక ఆ ఒప్పందాన్ని ఎవరు మోస్తారో చూడండి.

తుపాకులు ఆపాలంటే జనరల్ చాలు. ఆర్డర్ ఇచ్చేదీ ఆయనే, అమలు చేసేదీ ఆయన మనుషులే. కశ్మీర్‌లాంటి చిక్కుముడి దగ్గరే కథ మారుతుంది. 2004 తర్వాత మన దూతగా సతీందర్ లాంబా, ముషారఫ్ దూతగా తారిక్ అజీజ్ కశ్మీర్ మీద మూడో కంటికి తెలియకుండా మాట్లాడుకున్నారు. వాళ్ల ముసాయిదా ఇదీ: సరిహద్దులు మార్చకూడదు, నియంత్రణ రేఖకు రెండువైపులా రాకపోకలు సాగాలి, స్వపరిపాలన ఉండాలి, దశలవారీగా సైన్యాన్ని తగ్గించాలి. చర్చలు చాలా దూరమే వెళ్లాయి. 2007 మార్చిలో ముషారఫ్ ప్రధాన న్యాయమూర్తి ఇఫ్తికార్ చౌదరిని పక్కనపెట్టారు. నల్లకోట్ల లాయర్లు రోడ్డెక్కారు. మరుసటి ఏడాది ఆగస్టులో ముషారఫ్ వెళ్లిపోయారు, ఫైలూ అటకెక్కింది. అక్కడి పార్లమెంటు దాన్ని చర్చించలేదు, పార్టీలు తమదనుకోలేదు. ఆయన తర్వాత సైన్యాధిపతిగా వచ్చిన కయానీకి దాన్ని మోయాల్సిన అవసరం ఏముంది?

ఇక 1988 చూడండి. సైనిక పాలకుడు జియా చనిపోయి నాలుగున్నర నెలలు కూడా కాలేదు. బెనజీర్ ప్రధాని అయి నెల కాలేదు. డిసెంబర్ 31న రాజీవ్‌తో కలిసి అణు కేంద్రాలపై దాడులు చేయకూడదనే ఒప్పందం కుదుర్చుకున్నారు. 1992 నుంచి ఏటా జనవరి 1న ఢిల్లీలో, ఇస్లామాబాద్‌లో ఒకేసారి దౌత్యవేత్తలు తమ అణు కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నారు. కార్గిల్ తర్వాతా మార్చుకున్నారు, ముంబై దాడుల తర్వాతా మార్చుకున్నారు. పుల్వామా తర్వాతా ఆగలేదు. ఆ ప్రధానిని 1990లోనే దింపేశారు, కాగితం మాత్రం నడుస్తూనే ఉంది.

సూటిప్రశ్న:
అణు కేంద్రాల మీద బాంబులు పడకపోతే సైన్యానికే లాభం బ్రదర్. అందుకే నడిచింది. సైన్యానికి నష్టం కలిగేదాని మీద ఏ ప్రధాని సంతకం నిలిచిందో ఒక్కటి చెప్పండి.

నదీతీరం:
పైగా మీ లెక్క ప్రకారం జనరల్ ఒప్పందం ఆయనతోనే పోవాలి. సింధు ఒప్పందం రెండు పెద్ద యుద్ధాలు దాటింది. 2025 ఏప్రిల్‌లో, పహల్గాం దాడి తర్వాత, దాన్ని నిలిపేసింది మనం.

పాత కాగితం:
సింధు ఒప్పందం అయూబ్ మాట మీద నడవలేదు నదీతీరం గారూ. రెండువైపులా కమిషనర్లున్నారు, శాశ్వత కమిషన్ ఉంది, మధ్యలో ప్రపంచ బ్యాంకు ఉంది. నేననేదీ అదే. మనిషి పోయినా నడిపించే ఏర్పాటు కావాలి.

సూటిప్రశ్న గారూ, సైన్యానికి నచ్చనిది నిలిచిన సందర్భం నాకు కనిపించలేదు. అందుకే అక్కడ పూర్తి ప్రజాస్వామ్యం వచ్చేదాకా ఆగుదామని నేను అనడం లేదు. దక్షిణ అమెరికా కొసన ఉన్న బీగల్ జలసంధి దీవుల కోసం 1978లో అర్జెంటీనా, చిలీ యుద్ధం అంచుదాకా వెళ్లాయి. రెండుచోట్లా అప్పుడు సైనిక పాలనే. 1984లో ఒప్పందం కుదిరేనాటికి చిలీలో సైనిక నియంత పినోచే అలాగే ఉన్నాడు, అర్జెంటీనాలో మాత్రం ఎన్నికైన అధ్యక్షుడు అల్ఫోన్సిన్ వచ్చాడు. ఆయన దాన్ని ముందు ప్రజాభిప్రాయ సేకరణకు పెట్టి, గెలిచాక సంతకం చేయించాడు. ఒక్కవైపే పౌర ప్రభుత్వం ఉన్నా పని జరిగింది.

రిటైర్డ్ రేడియో:
అంటే అల్ఫోన్సిన్ పని ఇక్కడ ఢిల్లీ చేయాలంటారు. లాంబా చర్చల ముసాయిదాను అప్పుడు మన పార్లమెంటులో పెట్టి ఉంటే ఏ పార్టీ ఒప్పుకునేదో కూడా చెప్పండి. అది తేల్చకుండా రావల్పిండిని ఒక్కదాన్నే తిడితే ఎలా?