కదిలే బండి మీద డిష్‌కి సిగ్నల్ ఎలా?

ప్రశ్న (బోయిన్‌పల్లి): తిరుమలగిరి దగ్గర పైన గుండ్రటి డోమ్ ఉన్న ఆర్మీ బండి చూశాను. మా ఇంటి డిష్ గాలికి వేలెడు కదిలితే చాలు, సీరియల్ ఆగిపోతుంది, అమ్మ నన్ను మేడెక్కిస్తుంది. గతుకుల్లో వెళ్లే బండికి ఎలా?

జవాబు (సైనిక్‌పురి, సిగ్నల్స్‌లో చేసి రిటైరయ్యాను): బండి ఎటు ఊగిందో గైరోలు చెబుతాయి బాబూ, మోటార్లు వెంటనే డోమ్ లోపలి యాంటెన్నాను ఎదురుదిక్కుకు తిప్పుతాయి. చూపు మాత్రం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహం మీదే. మా రోజుల్లో బండి ఆపి, జాక్‌లు దించి, డిష్ తిప్పుకుంటూ కూర్చునేవాళ్లం. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి.

మరొకరు: వానొస్తేనో?

సైనిక్‌పురి: కేయూ బ్యాండ్ అనే రేడియో తరంగాలైతే జోరువానకు సిగ్నల్ పడిపోతుంది, అమ్మగారి సీరియల్‌ లాగే. మన వాయుసేన కోసం 2018లో పంపిన ఉపగ్రహం జీశాట్-7ఏదీ ఆ బ్యాండే. ఫ్లైఓవర్ కిందైతే అంతే సంగతులు.

బోయిన్‌పల్లి: థాంక్స్ అంకుల్. ఇక్కడ వాన మొదలైంది, మేడెక్కాలి.