బతుకమ్మ సంబరాల్లో వాడిన వస్తువుల అంగడి: వాలంటీర్ల ప్రణాళిక

కార్యక్రమ సమన్వయకర్త (నాగర్‌కర్నూల్):
సభ్యులందరికీ నమస్కారం. ఈసారి అమెరికాలో మన పాలమూరు, నల్లగొండ కుటుంబాలు జరుపుకునే సద్దుల బతుకమ్మ నాడు, హాలు వెనుక గదిలో వాడిన వస్తువుల అంగడి పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. ఊరు మారేవారు, ఇండియాకు తిరిగి వెళ్లేవారు వాట్సాప్ గ్రూపుల్లో సామాన్ల ఫొటోలు పెడుతూనే ఉన్నా, ఇల్లు ఖాళీ చేసే చివరి రోజుల్లో కొనేవారు దొరకక గట్టి మంచాలు, బల్లలు కూడా చెత్తబండి పాలవుతున్నాయి. వాటికి పట్టిన కలప, ఇనుము, కరెంటు, రవాణా అన్నీ ఎప్పుడో ఖర్చయిపోయాయి. అదే వస్తువును ఇంకొక కుటుంబం మరికొన్నేళ్లు వాడుకుంటేనే ఆ ఖర్చుకు న్యాయం జరుగుతుంది. అయితే చవకగా వచ్చిందని అవసరం లేనిది కొనుక్కుపోతే, బరువు ఒక గరాజు నుంచి మరో గరాజుకు మారుతుందే తప్ప కొత్త తయారీ తగ్గదు. అందుకే ఇవ్వదలచిన వస్తువుల జాబితా కన్నా ముందు, రాబోయే నెలల్లో ఎవరింట్లో ఏం కొనబోతున్నారో ఆ జాబితా తెరుద్దామని నా ప్రతిపాదన.

పిల్లల బట్టల బాధ్యురాలు (కోదాడ):
అక్కా, ఈ పద్ధతి పిల్లల బట్టలకు బాగా కుదురుతుంది. లంగా జాకెట్లు ఒకటి రెండు పండుగలకే తొడిగి, మరుసటి ఏటికి పొట్టివైపోతాయి. ఒక నూలు చొక్కా వెనుక దాదాపు 2,700 లీటర్ల నీరు ఉంటుందని అంచనా. బోరు ఎండితే పత్తిచేను ఏమవుతుందో చూసిన మన నల్లగొండ వాళ్లకు ఆ అంకె విలువ వేరే చెప్పనక్కర్లేదు. వయసును బట్టి కాక, పొడవు కొలిచి చీటీలు అంటిస్తాను.

చీరల బాధ్యురాలు (నారాయణపేట):
నాకొక సందేహం ఉండేది. పాత గద్వాల, నారాయణపేట, పోచంపల్లి చీరలను మనమే మళ్లీ అమ్మితే, అక్కడి నేతగాళ్ల కొత్త చీరకు గిరాకీ తగ్గదా? ఆలోచించిన మీదట, తరాలు మారినా నిలిచే బట్ట అని కళ్లారా చూపించడమే చేనేతకు మేలు చేస్తుందని, మరమగ్గం మీద దింపిన నకలు చీరకు దీటైన జవాబు అదేనని అనిపించింది. గద్వాల చీరలో నూలుతో నేసిన నడిమి భాగం చిరిగినా పట్టు అంచు, కొంగు తరచుగా బాగానే ఉంటాయి. వాటిని విప్పి కొత్త బట్టకు కుట్టించుకోవచ్చు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో, నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు అద్దుతారు కనుక డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. ఒక వైపు వెలిసినా తిప్పి జాకెట్టు కుట్టుకోవచ్చు. అందుకే అమ్మకం బల్ల పక్కనే కుట్టు మిషన్‌తో మరమ్మతు బల్ల ఉండాలని పట్టుబడుతున్నాను. మన అమ్మమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టినట్టే, కట్టడానికి పనికిరాని వాటితో కుట్టి చూపిద్దాం. జరీ చీరలు తెచ్చేవారు మడత మార్చి తేవాలి. ఒకే మడతలో ఏళ్లపాటు ఉంటే ఆ గీత వెంబడి జరీ తెగుతుంది.

సామాన్ల బాధ్యుడు (దేవరకొండ):
అక్కా, భద్రత గురించి నా మాట కొంచెం కఠినంగా ఉన్నా మన్నించాలి. గడువు తీరిన, ప్రమాదంలో దెబ్బతిన్న పిల్లల కారు సీట్లను ఉచితంగానైనా తీసుకోవద్దు. ఒక వైపు కమ్మీ కిందికి జారే పసిపిల్లల మంచాలను 2011 జూన్ 28 నుంచి అమెరికాలో తిరిగి అమ్మడం కూడా నిషిద్ధం. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీలు, గ్రైండర్లు 230 వోల్టులవి, ఇక్కడి కరెంటు 120. ఇండియాకు తిరిగి వెళ్లే కుటుంబాలకు అవి కావాలి, ఇక్కడ కొన్నవి వారికి అక్కడ పనికిరావు. ఈ రెండు రకాల వారిని కలిపితే ఇద్దరికీ కొత్తది కొనే పని తప్పుతుంది కనుక, వోల్టేజీ రాసిన చీటీ లేనిదే ఏదీ బల్ల మీదికి రాకూడదు.

కార్యక్రమ సమన్వయకర్త:
అన్నా, మీ షరతులన్నీ ఒప్పుకుంటున్నాను. ఇత్తడి తాంబాళాలు, పెద్ద వంట గిన్నెల వంటి ఏడాదికొకసారి పనిపడే వాటిని అమ్మకుండా సంఘం పేరున ఉంచి, అడిగిన కుటుంబానికి అరువిద్దాం. అంగడిలో అమ్ముడుపోకుండా మిగిలిన వస్తువులను తెచ్చినవారే అదే సాయంత్రం తిరిగి తీసుకెళ్లాలి. ఈ ఒక్క నిబంధన ఉంటే పనికిరానివి తెచ్చి దించే అలవాటు ఉండదు. కొనబోతున్నవాటి జాబితాను ఈ రాత్రికే గ్రూపులో పెడుతున్నాను. కుట్టు మిషన్ ఉన్నవారు, దానిని కారులో తేగలిగినవారు ఆదివారంలోగా చెప్పగలరు.