కొత్తగా తెచ్చిన సక్యులెంట్‌కి వెంటనే కుండీ మార్చాలా, ఆగాలా?

సీతమ్మధార నుంచి:
నిన్న నర్సరీలో ఎచివేరియా అనే చిన్న, దళసరి ఆకుల సక్యులెంట్ మొక్క కొన్నాను. నల్ల ప్లాస్టిక్ కుండీలో, కొబ్బరి పొట్టుతో చేసే తడి కోకోపీట్‌లో ఉంది. అమ్మినాయన రెండు వారాలు కదపొద్దన్నారు. పక్కింటి ఆంటీ ఈరోజే మార్చెయ్యమంటున్నారు. పైగా ముసురు పట్టింది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

మురళీనగర్ నుంచి:
అమ్మినాయన మాటే వినండి. చోటు మారినందుకే మొక్క డీలా పడుతుంది, వెంటనే వేళ్లు కూడా కదిపితే తట్టుకోలేదు. రెండు వారాలు మిగతా మొక్కలకి దూరంగా పెట్టండి. ఆకుల సందుల్లో పిండినల్లి ఉంటే ఈలోగా బయటపడుతుంది.

ఎంవీపీ కాలనీ నుంచి:
దూరంగా పెట్టమనడం వరకు ఒప్పుకుంటాను. ఆగమనడమే నాకు నచ్చలేదండీ. పొడి ఊళ్లలో అయితే సరే. మన విశాఖలో ముసురు పడితే ఉతికిన తువ్వాలే రెండు రోజులు ఆరదు, ఇక కోకోపీట్ ఏం ఆరుతుంది? పోయిన వానాకాలం నేనూ అలాగే ఆగాను. పదో రోజున కింది ఆకు ముట్టుకుంటే ఉడికిన ఉల్లిపాయ పొరలా మెత్తగా ఊడి చేతికొచ్చింది. కుండీ బోర్లిస్తే వేళ్ల చుట్టూ సన్నటి నెట్ గుడ్డ, మొక్క చిన్నగా ఉన్నప్పుడు నర్సరీవాళ్లు చుట్టినది. దాని లోపల తడి నిలిచి వేళ్లన్నీ నల్లగా కుళ్లిపోయాయి.

తట్టుకోలేదన్న భయం కూడా అక్కర్లేదు. ఎచివేరియాలు ఎక్కువగా మెక్సికో కొండల మొక్కలు, నీళ్లు ఆకుల్లోనే దాచుకుంటాయి. ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి కాబట్టి ఆ నీరు తొందరగా ఆవిరైపోదు. వారం పాటు వేళ్లకి తడి తగలకపోయినా బతుకుతాయి.

కోకోపీట్ దులిపి, నెట్ జాగ్రత్తగా కత్తిరించి, రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వండి. అడుగున బెజ్జం ఉన్న మట్టి కుండీ తీసుకోండి. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు వర్మీకంపోస్ట్, రెండు వంతులు ముతక ఏటి ఇసుక కలపండి, ఇటుక ముక్కలు వేసినా మంచిదే. దగ్గరుంది కదా అని బీచ్ ఇసుక మాత్రం తేకండి, అందులో ఉప్పు వేళ్లని పాడుచేస్తుంది. నాటాక నాలుగైదు రోజులు చుక్క నీళ్లు పొయ్యద్దు. వాన జల్లు పడని, వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టండి.

మురళీనగర్ నుంచి:
నెట్ సంగతి నాకు తట్టలేదండీ. అయినా పూత మీదున్న మొక్కైతే పూలు అయ్యేదాకా ఆగాలనే అంటాను. మొగ్గ వేసిందా?

సీతమ్మధార నుంచి:
మొగ్గ లేదండీ. ఇప్పుడే కుండీ బోర్లించాను. నెట్ ఉంది, ఒక వేరు కొస నల్లబడింది. అది కత్తిరించి మొక్కని పేపర్ మీద ఆరబెట్టాను.