సమస్యాపూరణం: కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

నిర్వాహకులు:

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్యను (మీరు ముందు మూడు పాదాలు వ్రాసి పద్యంగా పూరించవలసిన చివరి పాదాన్ని) యోహాను సువార్త 3వ అధ్యాయం 16వ వచనం ఆధారంగా ఇస్తున్నాను. క్రైస్తవులు కానివారు కూడా ఎక్కడో ఒకచోట గోడ మీదనో, వాహనం వెనుకనో చదివి ఉండే వచనం ఇది: "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను. కాగా ఆయన తన అద్వితీయకుమారునిగా పుట్టిన వానియందు విశ్వాసముంచు ప్రతివాడును నశింపక నిత్యజీవము పొందునట్లు ఆయనను అనుగ్రహించెను."

సమస్య: కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

ఇది ఆటవెలది నాలుగవ పాదం. ఐదూ సూర్యగణాలు; 'కొ'కు 'గూ'తో యతి చెల్లింది. పైకి చూస్తే ప్రేమగల తండ్రి చేయరాని పని కనిపిస్తుంది కనుకనే ఇది సమస్య అయింది. పూరణ ఆ విరోధాన్ని పరిహరించాలి, ఆ పరిహారం వచనానికి అనుగుణంగానూ ఉండాలి. క్రైస్తవ వస్తువు మన దేశి ఛందస్సులో ఒదుగుతుందా అని కిందటిసారి ఒకరు అడిగారు. జాషువ పద్యకావ్యం 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందంటే చాలుననుకుంటాను.

ఒక్క మనవి. యేసు అన్న ఈ మాటలు నీకొదేము అనే పరిసయ్యుడితో (ధర్మశాస్త్ర నిష్ఠగల యూదు వర్గంవాడితో), అతడు రాత్రివేళ వచ్చినప్పుడు జరిగిన సంభాషణలో వస్తాయి. ముందున్న 14వ వచనాన్ని, వెనుక ఉన్న 17వ వచనాన్ని కలిపి చదివి పూరించండి.

ఛందోవిహారి:

నా పూరణ:

చావు శత్రువయ్యె జనులకెల్లఁ బుడమి
దానిఁ గెలువ నరుల తరము గాదు
మృత్యువనెడు దాని మృత్యుంజయుండైన
కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

భావం: మృత్యువు అనేదానిని చంపడానికి తండ్రి మృత్యుంజయుడైన కొడుకును పంపాడు. 'చంపఁ' అనే క్రియకు కర్మ కొడుకు కాడు, మృత్యువు.

నిర్వాహకులు:

ఛందోవిహారి గారూ, అన్వయాన్ని మార్చి విరోధాన్ని ఒక్క దెబ్బతో తీసివేశారు. అభినందనలు. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు అన్నమాట మీ మొదటి పాదానికి బలమైన ఆధారం. మృత్యుంజయ శబ్దం శివపరంగా మనకు రూఢమైనా, తెలుగు క్రైస్తవులు పునరుత్థానుడైన యేసును ఈ మాటతో పిలవడం వాడుకలో ఉన్నదే కనుక అభ్యంతరం లేదు.

అయితే ఒక వెలితి ఉంది. మీ పద్యంలో కొడుకు చంపడానికి వచ్చాడే తప్ప చావడానికి రాలేదు. వచనంలో ఉన్నది 'అనుగ్రహించెను' అనే మాట. ఏమీ పోగొట్టుకోని విజయాన్ని అనుగ్రహం అనడం కష్టం. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయం, మరణబలం గలవానిని ఆయన 'మరణముద్వారా' నశింపజేశాడని చెబుతుంది. తాను మరణించడమే మరణాన్ని చంపిన తీరు. ఆ భాగం పద్యంలోకి రాలేదు.

సువార్త పాఠకురాలు:

అన్నగారూ, నాకు ఈ వచనం చదివినప్పుడల్లా ఆదికాండం 22వ అధ్యాయమే, అంటే దేవుడు అబ్రాహామును కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని అడిగి చివరకు ఆపిన కథే, గుర్తుకు వస్తుంది. అందుకని:

అబ్రహాము కత్తి నాఁపిన దేవుఁడె
తనదు సుతునిఁ గావఁ దలఁప కుండె
నాఁడు గొఱియ నిచ్చె నరుని బిడ్డకు మాఱు
కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

నిర్వాహకులు:

అమ్మా, 'అబ్రహాము కత్తి నాఁపిన దేవుఁడె' అనే ఎత్తుగడ చాలా బాగుంది. కట్టెలు కొడుకు వీపున, నిప్పు, కత్తి తండ్రి చేతిలో. దారిలో ఇస్సాకు "దహనబలికి గొఱ్ఱెపిల్ల ఏది" అని అడగడం, తండ్రి "దేవుడే చూచుకొనును" అనడం. ఆ కొండదారి అంతా ఒక్క పాదంలో కళ్లకు కట్టింది. అక్కడ పొదలో కొమ్ములు చిక్కుకుని దొరికింది పొట్టేలు. కొడుకు అడిగిన గొఱ్ఱెపిల్ల ఆ రోజు కనిపించలేదు. యోర్దాను ఒడ్డున యోహాను యేసును చూసి "ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల" అన్నప్పుడు ఇస్సాకు ప్రశ్నకు జవాబు దొరికిందని చదువుకునేవారు ఉన్నారు. మీరు 'గొఱియ' అన్నది పొట్టేలి గురించే కనుక దోషం కాదు.

రెండవ పాదం మాత్రం మార్చుకోవాలి. 'గావఁ దలఁపకుండె' అంటే కాపాడాలన్న తలపే లేదన్న అర్థం వస్తుంది. అది ఉపేక్ష. అబ్రాహాముతో దేవుడు "నీ ఒక్క కుమారుని ఇయ్య వెనుతీయలేదు" అంటాడు. రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు అదే మాటను దేవుడి మీదికి తిప్పి, తన సొంత కుమారుణ్ణి అప్పగించడానికి ఆయన వెనుకతీయలేదంటాడు. కనుక 'తనదు సుతునిఁ గూడ దాఁచ డయ్యె' అంటే గణాలు, యతి సరిపోతాయి, ఇచ్చేవాడి నొప్పి కూడా నిలుస్తుంది. మూడవ పాదంలో 'నాఁడు' అన్నారు గనుక నాలుగవ పాదానికి ముందు 'నేఁడు' అనే ఊహను పాఠకుడే చేసుకోవాలి. సమస్యాపూరణంలో అంత అధ్యాహారం చెల్లుతుంది.

కృష్ణాతీరం:

నేను యేసు చెప్పిన ద్రాక్షతోట ఉపమానం తీసుకున్నాను.

తోట కౌలువారు దూతలఁ గొట్టిరి
యైన ఫలముఁ గోరి యాశతోడ
మాన్యుఁడనుచు వాని మన్నింతు రనుకొని
కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

ఛందోవిహారి:

కృష్ణాతీరం గారూ, మొదటి పాదంలో 'తో'కు 'దూ', రెండవ పాదంలో 'ఐ'కు 'ఆ', యతులు చక్కగా కుదిరాయి. కానీ మూడు, నాలుగు పాదాలు ఒకదానినొకటి కాదంటున్నాయి. మన్నిస్తారని అనుకున్న తండ్రి 'చంపఁ బంపె' అని ఎలా అంటాం? మార్కు సువార్త 12వ అధ్యాయంలో యజమాని తన కుమారుణ్ణి సన్మానిస్తారనే పంపాడు. చంపాలన్న ఆలోచన కౌలుదారులది. 'చంపఁ' అంటే 'చంపఁగా' అన్న అర్థం కూడా ఉంది కదా. దాన్ని వాడుకుంటూ మూడవ పాదాన్ని ఇలా మార్చవచ్చు:

మున్ను వచ్చినట్టి ముఖ్యదాసుల వారు

అప్పుడు, ముందు వచ్చిన దాసులను వారు చంపగా తండ్రి కొడుకును పంపాడు అని అన్వయం. దాసులను చంపారని తెలిసి కూడా పంపిన తండ్రి ప్రేమ అందులో కనిపిస్తుంది.

నిర్వాహకులు:

సవరణ ఎంతో బాగుంది. వచనం ప్రేమించింది 'లోకమును' అంటుంది. ఆ లోకం ఎలాంటిదో యోహాను దాచడు. మొదటి అధ్యాయంలోనే లోకం ఆయనను తెలుసుకోలేదంటాడు. ఈ మూడవ అధ్యాయంలోనే మూడు వచనాలు దాటగానే మనుషులు వెలుగును కాక చీకటిని ప్రేమించారంటాడు. ఒకే సంభాషణలో రెండు ప్రేమలు: దేవుడు లోకాన్ని ప్రేమించాడు, లోకం చీకటిని ప్రేమించింది. కౌలుదారుల కథ ఈ రెండింటినీ ఒకచోట చూపుతుంది. ప్రేమించదగినవారని ప్రేమించడం కాదు ఇది.

కొత్త కలం:

పద్యం వ్రాయడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. పెద్దలు సరిదిద్దగలరు.

పాముకాటుఁ బడిన ప్రజ పాముఁ గని లేచె
స్తంభమందు చూప మఱల బ్రతికె
నట్లు సిలువ నెత్తి యందఱు బ్రతుకంగఁ
కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

ఛందోవిహారి:

గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి. రెండవ పాదంలో 'స్తం'కు 'మ'తో యతి చెల్లదు. 'మ్రాన నెత్తి చూప మఱల బ్రతికె' అంటే సరిపోతుంది. 'బ్రతుకంగన్' ద్రుతాంతం ('న్'తో ముగిసే మాట) గనుక తరువాతి 'కొడుకు' 'గొడుకు' అవుతుంది. దానివల్ల సమస్య మారినట్లు కాదు, యతికీ భంగం లేదు.

నిర్వాహకులు:

14వ వచనాన్ని, అంటే మోషే సర్పాన్ని ఎత్తినట్లే మనుష్యకుమారుడు ఎత్తబడాలన్న మాటను, పట్టుకున్నది మీరొక్కరే. సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో ప్రజలు మన్నా (ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం) మీద విసుక్కుని సణుగుతారు, సర్పాలు కాటువేస్తాయి. వారు మోషేను అడిగింది సర్పాలను తొలగించమని. దొరికింది అది కాదు. ఇత్తడి సర్పాన్ని చేసి స్తంభం మీద పెట్టమని, కాటుపడినవాడు దానిని చూస్తే బ్రతుకుతాడని ఆజ్ఞ. కాటు వేసినదాని రూపమే పైకి ఎత్తబడింది, బ్రతకడానికి చేయవలసింది చూడడం ఒక్కటే. నీకొదేము ధర్మశాస్త్రం చదివినవాడు, ఈ కథ అతడికి కొత్త కాదు. ఆ తెలిసిన కథనుంచే యేసు 16వ వచనంలోకి అడుగుపెడతాడు. 'విశ్వాసముంచు' అన్నచోట కాటుపడినవాడి చూపును తలచుకుంటే ఆ మాట తేటపడుతుంది. (ఆ ఇత్తడి సర్పానికే తరువాతి తరాలు ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దానిని పగలగొట్టించిన సంగతి రెండవ రాజుల గ్రంథంలో ఉంది. అది వేరే పద్యానికి వస్తువు.)

జిజ్ఞాసువు:

నిర్వాహకులు మన్నించాలి. నేను క్రైస్తవుణ్ణి కాను. పూరణలన్నీ శ్రద్ధగా చదివాను. నా సందేహం పద్యవిద్యది కాదు. శిబి పావురం కోసం తన తొడ మాంసం కోసి ఇచ్చాడు. చిరుతొండనంబి అతిథిగా వచ్చిన శివుడి కోసం కొడుకు సిరియాళుణ్ణి ఇచ్చాడు. శ్రీనాథుడి హరవిలాసంలో ఆ ఘట్టం చదువుతుంటే భక్తికి చేయెత్తి మొక్కాలనిపిస్తుంది, కానీ ఆ బిడ్డను తలచుకుంటే గుండె చెరువవుతుంది. తన దేహం ఇచ్చినవాడి త్యాగం నాకు అర్థమవుతుంది. మరొకరి ప్రాణం ఇచ్చినవాడిని ప్రేమమూర్తి అనడం ఎలా? సమస్యలోని విరోధం నాకు ఇంకా తీరలేదు.

నిర్వాహకులు:

జిజ్ఞాసువు గారూ, ఈ సమస్య ఇవ్వడంలో నేను ఎదురుచూసిన ప్రశ్న ఇదే. మీరు తెచ్చిన రెండు కథలలో ఈ వచనం దేనికి దగ్గర అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. చిరుతొండనంబి కథలో మనిషి దేవుడికి ఇస్తాడు, ఇక్కడ దేవుడు మనిషికి ఇస్తాడు; ఇచ్చే దిక్కే మారిపోయింది. ఈ కొడుకు ఏమీ తెలియని పసివాడు కూడా కాడు. అదే సువార్త 10వ అధ్యాయంలో, తన ప్రాణాన్ని ఎవరూ తన వద్దనుంచి తీసుకోరని, తనంతట తానే పెడుతున్నానని ఆయన అంటాడు. కొద్ది వచనాల తరువాత "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అంటాడు. ఈ రెండు మాటలను పక్కన పెట్టి 3:16ను ఒంటరిగా చదివితే, కోపించిన తండ్రి, బలైన కొడుకు అనే బొమ్మ మిగులుతుంది. కలిపి చదివితే, ఇచ్చేవాడు ఇచ్చినదానికి బయట నిలబడలేదని తెలుస్తుంది. అప్పుడు ఇది శిబి పక్కకు చేరుతుంది. 17వ వచనం కూడా, కుమారుణ్ణి పంపింది లోకానికి తీర్పు తీర్చడానికి కాదనే చెబుతుంది. నా పూరణ:

ఇచ్చువాఁడు తాన యిచ్చుసొమ్మది తాన
తండ్రిసుతుల కొక్క తలఁపె కాన
తాను వచ్చి మ్రానుఁ దనయిచ్ఛ నెత్తిన
కొడుకుఁ జంపఁ బంపెఁ గూర్మి తండ్రి

జిజ్ఞాసువు:

'ఇచ్చువాఁడు తాన యిచ్చుసొమ్మది తాన' అన్నది నా ప్రశ్నను సూటిగా తాకింది. తండ్రి, కొడుకు ఇద్దరూ ఉంటూ ఒక్కరే ఎలా అవుతారన్న ప్రశ్న నాకు మిగిలే ఉంది, కానీ ప్రేమమూర్తి అనడం ఎలా అన్న ఆక్షేపణను వెనక్కు తీసుకుంటున్నాను.

సువార్త పాఠకురాలు:

అన్నగారూ, ఒక చిన్న సూచన. తండ్రి పంపిన నాటికి కొడుకు ఇంకా సిలువ మోయలేదు కదా. 'నెత్తిన' అన్నచోట 'నెత్తెడు' అంటే కాలం సరిపోతుంది, అదీ భగణమే.

నిర్వాహకులు:

నిజమే అమ్మా. 'తాను వచ్చి మ్రానుఁ దనయిచ్ఛ నెత్తెడు' అనే చదువుకోవాలని మిత్రులకు మనవి.