మేకప్ కింద ఎవరుంటే ఏంటి? తక్కువ బడ్జెట్ హారర్ సిరీసుల్లో విలన్ నటుణ్ణి మార్చడం మీద, విష్‌మాస్టర్ 3 దగ్గర మొదలైన గొడవ

అర్ధరాత్రి_షో:
మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది, అడిగేవాళ్ళు లేరు. శనివారం రాత్రి విష్‌మాస్టర్ నాలుగు భాగాలూ వరసబెట్టి చూసేశాను. 1997, 1999ల్లో వచ్చిన మొదటి రెండింటిలో జిన్ను వేషం ఆండ్రూ డివాఫ్‌ది. 2001లో మూడోది, 2002లో నాలుగోది వచ్చాయి. వాటిలో జిన్ను జాన్ నోవాక్. నేను తేల్చుకున్నది ఒక్కటే: డివాఫ్‌ని మార్చిన రోజే ఆ సిరీస్‌కి దినం పెట్టేశారు.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఎర్రరాయిలో బందీ అయిన జిన్ను ఉంటాడు. వాణ్ణి నిద్రలేపిన మనిషి మూడు కోరికలు కోరాలి. మూడోది తీరిందా, జిన్నుల జాతి మొత్తం వచ్చి మన నెత్తిన కూర్చుంటుంది. దారిలో తగిలిన మిగతావాళ్ళ చేత కూడా వాడు ఏదో ఒకటి కోరిస్తాడు, అన్న మాటనే మెలితిప్పి చంపుతాడు. కత్తి పట్టుకుని వెంటపడే రకం కాదు, నోటితో బతికే విలన్. బుజ్జగిస్తాడు, రెచ్చగొడతాడు, ఓపిగ్గా కాచుక్కూచుంటాడు. అలాంటివాడికి నోరే మార్చేస్తే ఇంకేం మిగిలింది?

పాతసీడీ:
ఏంటండీ బాబూ, మరీ అంత ఏడుపా? ఆ ముఖం మీద అంత మందాన రబ్బరు ఉంది. కింద డివాఫ్ ఉన్నా నోవాక్ ఉన్నా మా వీధి చివర టీ కొట్టు ఆయన ఉన్నా తేడా ఎవరికి తెలుస్తుంది?

హాలోవీన్‌లో మాస్కు విలన్ మైకేల్ మైయర్స్‌ని చూడండి. 1978లో నిక్ కాజిల్, నాలుగో భాగంలో జార్జ్ విల్బర్, అయిదులో డాన్ షాంక్స్, ఆరులో మళ్ళీ విల్బర్. ఫ్రైడే ది థర్టీన్త్‌లో మాస్కు విలన్ జేసన్‌గా మూడులో రిచర్డ్ బ్రూకర్, నాలుగులో టెడ్ వైట్, ఆరులో సి.జె. గ్రాహమ్. ఎవరైనా టికెట్ డబ్బులు వెనక్కి ఇమ్మని అడిగారా? మాస్కే విలన్. మనిషి దానికి హ్యాంగరు.

పైగా విష్‌మాస్టర్ మూడూ నాలుగూ థియేటరు ముఖం చూడని సినిమాలు, నేరుగా వీడియోకి వెళ్ళాయి. అసలు తీశారు, అదే గొప్ప.

వీధిదీపం:
> మనిషి దానికి హ్యాంగరు

ఇలాగే అనుకుని, కలల్లోకొచ్చి చంపే ఫ్రెడ్డీ సినిమా ఎల్మ్ స్ట్రీట్ రెండో భాగం వాళ్ళు బోర్లా పడ్డారు. 1985లో, మొదటి భాగంలో ఫ్రెడ్డీ వేసిన రాబర్ట్ ఇంగ్లండ్ లేకుండానే మొదలెట్టారు. ఎవరో ఎక్స్‌ట్రాకి ఫ్రెడ్డీ మేకప్ వేసి దింపారు, కాలిన ముఖమే కదా ఎవరైతే ఏంలే అని. తీసిన ఫుటేజ్ వేసి చూసుకుంటే ఫ్రెడ్డీ లేడు, స్కూలు యానివర్సరీలో రాక్షసుడి వేషం కట్టిన పిల్లాడున్నాడు. పరిగెత్తుకెళ్ళి ఇంగ్లండ్‌ని తెచ్చుకున్నారు.

మాస్కుకీ నడక ఉంటుంది గురూ. తల ఎటు వంచుతాడు, ఎంతసేపు కదలకుండా నిలబడతాడు, అన్నీ లెక్కే. 1988 నుంచి నాలుగు సినిమాల్లో వరసగా జేసన్ వేసిన కేన్ హాడర్‌ని 2003లో ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్‌కి పక్కన పెట్టారని ఆయన అభిమానులు ఇప్పటికీ గుర్రుగానే ఉన్నారు. ముఖం కనపడని వేషానికే అంత కోపం వచ్చిందంటే హ్యాంగరు సిద్ధాంతం ఎక్కడ నిలబడుతుంది?

గోళీసోడా:
అర్ధరాత్రి అన్నా, నీ బాధ కరెక్టే గని, కారణం తప్పు చెప్తున్నవ్. డివాఫ్ పోయిండని కాదు సినిమా పోయింది. ఒక్క వేషాన్ని ఇద్దరికి పంచిన్రు, అందుకు పోయింది.

మొదటి రెండిట్ల జిన్ను కూడా డివాఫే, జిన్ను వేసుకునే మనిషి రూపం కూడా డివాఫే. సూటేసుకుని నవ్వుకుంట నిలబడితే, ఆ నవ్వు కింద రాక్షసుడు ఉన్నడని మనకు ఎర్కనే. ఎదుటోనికే ఎర్క లేదు. భయమంత ఆడనే ఉంది. అదే మూడో పార్టుల ఏం చేసిన్రు? రాక్షసుని లెక్క ఉన్నప్పుడు నోవాక్, ప్రొఫెసర్ ముఖం తొడుక్కున్నంక జేసన్ కానరీ. నాలుగుల మనిషి రూపానికి విక్టర్ వెబ్‌స్టర్. కానరీ చెడ్డ యాక్టర్ అంటలేను, షాన్ కానరీ కొడుకు, మంచిగనే చేసిండు. కానీ ఆయన నవ్వితే కింద నోవాక్ కనిపిస్తలేడు. ఇద్దరు వేరే వేరే మనుషులు డ్యూటీ మార్చుకున్నట్టు ఉంది.

డివాఫ్‌ని తీసేసి, రెండు రూపాలూ నోవాక్‌కే ఇచ్చి ఉంటే నేనైతే ఏమనకపోదును.

బొమ్మాళి_వీరాభిమాని:
పంచితే పోతుందంటే మన తెలుగువాళ్ళం ఎలా ఒప్పుకుంటాం బ్రో? అరుంధతి మర్చిపోయారా? 2009. పశుపతి ఒళ్ళు సోనూ సూద్‌ది, గొంతు పి. రవిశంకర్‌ది. మా ఇంట్లో అప్పట్లో కరెంటు పోతే చాలు, మా అన్న పక్క గదిలోంచి "వదల బొమ్మాళీ" అనేవాడు. ముఖం లేదు, జటలు లేవు, ఒట్టి గొంతు. నేను దుప్పట్లో. విలన్‌ని ఇద్దరు పంచుకుంటే భయం సగమవ్వలేదే, రెట్టింపైంది!

పక్క రాష్ట్రం నుంచో ముంబై నుంచో విలన్‌ని తేవడం, గొంతు ఇక్కడి డబ్బింగ్ ఆర్టిస్టుతో పెట్టించడం మనకి ఎన్నేళ్ళుగానో అలవాటే కదా.

అర్ధరాత్రి_షో:
బొమ్మాళి గారూ, దెబ్బ కొట్టారు. కానీ ఒక తేడా ఉంది. పశుపతిలో ఒళ్ళూ గొంతూ ఒకేసారి మన ముందుంటాయి, కలిసిపోయి ఒక్క మనిషవుతాయి. విష్‌మాస్టర్ 3లో ఒక సీనులో ఒకడు, ఇంకో సీనులో ఇంకొకడు. అతుకు కనపడుతుంది.

అయినా ఒళ్ళొకరిది గొంతొకరిది అన్న ఫార్ములా ప్రతిసారీ పండదు. హెల్‌రైజర్ తొమ్మిదో భాగం, 2011లో వచ్చిన రివిలేషన్స్ గుర్తుందా? అందులో విలన్ పిన్‌హెడ్ శరీరం స్టెఫన్ స్మిత్ కాలిన్స్‌ది, గొంతు ఫ్రెడ్ టాటాషియోర్‌ది. అచ్చం మన డబ్బింగ్ పద్ధతే. ఫలితం మాత్రం తల మీద మేకులు పెట్టుకున్న పెళ్ళి ఫోటోగ్రాఫరు.

1987 నుంచి ఎనిమిది సినిమాల్లో పిన్‌హెడ్‌గా చేసిన డగ్ బ్రాడ్లీ దాంట్లో చేయనన్నాడు. సినిమా తీయకపోతే హక్కులు చేజారిపోతాయని స్టూడియో హడావిడి. సుమారు 3 లక్షల డాలర్లు, కొద్ది వారాల షూటింగ్. మూలకథ రాసిన క్లైవ్ బార్కర్ అయితే ట్విట్టర్లో బూతులు కలిపి మరీ, నాకూ దానికీ సంబంధం లేదన్నాడు. అలాంటి చోట రవిశంకర్‌ని తెచ్చి పెట్టినా ఏం చేస్తాడు?

కారంపొడి:
అందరూ చచ్చిన శవాల్నే లెక్కపెడుతున్నారు, బతికినవాణ్ణి ఎవరూ తలవరేం? టెరిఫయర్ సినిమాల విలన్ ఆర్ట్ ది క్లౌన్. మొదటి షార్ట్ ఫిల్ముల్లో, 2013 నాటి ఆల్ హాలోస్ ఈవ్‌లో ఆ వేషం మైక్ జియానెల్లీది. 2016 టెరిఫయర్ నుంచి డేవిడ్ హోవార్డ్ థార్న్‌టన్. ఈ రోజు క్లౌన్ అంటే జనానికి థార్న్‌టనే. జియానెల్లీ పేరు మనలాంటి పనిలేనివాళ్ళకే తెలుసు.

ఇది తక్కువ బడ్జెట్ సినిమా కాదని మాత్రం అనకండి. 2022లో రెండో భాగం రెండున్నర లక్షల డాలర్లతో తీసి కోటి డాలర్ల పైన రాబట్టారు. రివిలేషన్స్ కంటే తక్కువ ఖర్చు! విలన్ మారినా ఎందుకు నిలబడిందంటే డైరెక్టర్ డేమియన్ లియోన్ మారలేదు కాబట్టి. కథ ఆయనదే, మేకప్ కూడా ఆయన చేతి పనే. వంటవాడు అతనే అయినప్పుడు గిన్నె మారితే ఏంటి?

పాతసీడీ:
డైరెక్టర్ థియరీ విష్‌మాస్టర్ దగ్గరే చతికిలబడుతుంది. మొదటిది రాబర్ట్ కర్ట్జ్‌మన్, రెండోది జాక్ షోల్డర్. డైరెక్టర్ మారినా జిన్ను బాగానే ఉన్నాడు. మూడూ నాలుగూ రెండూ క్రిస్ ఏంజెల్ (టీవీలో మేజిక్ చేసే ఆయన కాదు, వేరే). డైరెక్టర్ మారలేదు, జిన్నూ బాగోలేదు. ఇప్పుడేమంటారు?

కారంపొడి:
జిన్నుని పుట్టించినవాళ్ళు ఎవరూ మూడో భాగంలో లేరంటాను. కర్ట్జ్‌మన్ మేకప్ మనిషి, కె.ఎన్.బి. అనే మేకప్ కంపెనీ పేరులో కె అక్షరం ఆయనే. రెండో భాగానికి ఆయన లేకపోయినా డివాఫ్ ఉన్నాడు కదా, వేషం ఎలా కట్టాలో తెలిసినవాడు ఒక్కడైనా మిగిలాడు. మూడోదానికి ఆ ఒక్కడూ లేడు.

వీధిదీపం:
మధ్యలో చిన్న పిట్టకథ. స్టెప్‌ఫాదర్ సిరీస్ మొదటి రెండింటిలో విలన్ టెర్రీ ఓక్విన్. 1992లో మూడోదానికి ఆయన రాకపోతే రాబర్ట్ వైట్‌మన్‌ని పెట్టుకున్నారు. ముఖం మారిందేమని జనం అడుగుతారని సినిమా మొదట్లోనే విలన్‌కి ప్లాస్టిక్ సర్జరీ చేయించేశారు!

మా అమ్మకి చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మన సీరియళ్ళలో చేసేదేగా" అంది. నిజం చెప్పాలంటే "ఇక నుంచి ఈ పాత్రలో" అని కార్డు వేసి వదిలేసే సీరియల్ వాళ్ళే నయం, కుట్లు లేవు.

ఉప్పుచేప:
మరి చంద్రముఖి 2 సంగతేంటి? జ్యోతిక చేసిందానికీ కంగనా

మోడరేటర్:
ఉప్పుచేప గారూ, అది తక్కువ బడ్జెట్ కిందికి రాదు. జ్యోతిక, కంగనా గొడవ ఇక్కడ మొదలైతే తెల్లారిపోతుంది. వేరే థ్రెడ్ తెరవండి, నేనే మొదటి కామెంట్ పెడతాను.

పాతసీడీ:
వేషం తెలిసినవాడు ఉండి తీరాలనేది కూడా నిజం కాదు కారంపొడీ. పప్పెట్ మాస్టర్‌లో బొమ్మలకి ప్రాణం పోసే టూలాన్ వేషం 1989లో విలియం హిక్కీ, రెండులో స్టీవ్ వెల్స్, 1991లో మూడోదానికి గై రాల్ఫ్. మూడు సినిమాలకి ముగ్గురు మనుషులు. రెండులో పక్కా విలన్, మూడుకొచ్చేసరికి నాజీల మీద పగ తీర్చుకునే పెద్దాయన. జనం గుండెల్లో ఉండిపోయింది ఆ మూడో ఆయనే. వేషాన్ని కాపీ కొట్టలేదు, కొత్తగా కట్టాడు. 2022 హెల్‌రైజర్‌లో జేమీ క్లేటన్ చేసిందీ అదే. బ్రాడ్లీలా మాట్లాడే ప్రయత్నమే చేయలేదు. పాపం నోవాక్‌కి మాత్రం "డివాఫ్‌లా చెయ్యి" అని పని అప్పజెప్పినట్టుంది.

గోళీసోడా:
ఇది ఒప్పుకుంట. కానీ నాలుగో పార్టు మల్లొక్కసారి చూడు. అందుల మూడో కోరిక ఏందో యాదికుందా? మనిషి రూపంల ఉన్న జిన్నును చూసి ఆ పిల్ల అంటది, నీ అసలు రూపాన్ని నేను ప్రేమించగలగాలి అని. జిన్ను ఇరుక్కుంటడు. ప్రాణం తీసుడు, డబ్బు కుప్పపోసుడు వానికి చిటికెల పని. ఆమె మనసుల ప్రేమ పుట్టించుడు వాని చేతుల లేదు. నాలుగు సినిమాలల్ల ఇంత మంచి కోరిక ఇంకోటి లేదు.

ఇగ చూడు తమాషా. ఆ పిల్ల చూస్తున్నది వెబ్‌స్టర్‌ను. "అసలు రూపం" అంటే నోవాక్. ఆ పిల్ల ఆయన ముఖం చూసి ఇష్టపడ్డది ఎన్నడు? ఇద్దరూ డివాఫే అయి ఉంటే ఆ ఒక్క మాటకు గుండె ఆగుతుండె.

పాతసీడీ:
...సరే. అది మాత్రం ఆలోచించలేదు. విష్‌మాస్టర్ వరకు ఒప్పేసుకుంటున్నాను, రాసుకోండి. మాస్క్ విలన్ల సంగతిలో మాత్రం నా మాట వదల.

బొమ్మాళి_వీరాభిమాని:
ఏంటి? ఇంకోసారి అనండి?

పాతసీడీ:
పోవమ్మా.