వాగ్దానం కార్డు ‘పాతవి తలంచుకోకు’ అంటోంది, మనసు ఊరుకోవడం లేదు

కాలువగట్టు (ప్రశ్న):

అందరికీ వందనాలు. పేరు చెప్పలేను, మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. 2011, 12లో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేశాను. తవుడు లోడు వెళ్లినప్పుడల్లా పుస్తకంలో రెండు మూడు బస్తాలు తక్కువ రాసి, ఆ డబ్బు జేబులో వేసుకునేవాణ్ని. చాలావరకు తాగుడికే పోయింది. మొత్తం 64,000. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, దొంగలెక్క కూడా లెక్కే కదా, సిగరెట్ పెట్టె అట్టల మీద రాసుకునేవాణ్ని. తేడా బయటపడ్డప్పుడు కాటా దగ్గరుండే కుర్రాణ్ని అనుమానించి మాన్పించేశారు. తర్వాత నాలుగు నెలలకి నేనూ మానేశాను.

2016లో రక్షణ పొందాను. ఏలూరు కాలువలో బాప్తిస్మం. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. ఇప్పుడు సొంత ట్రక్ ఆటో.

మొన్న డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానాల కార్డులు, అంటే కొత్త ఏడాదికి ఒక్కొక్కరూ ఒకటి తీసుకునే బైబిలు వాక్యాలు, స్టీలు పళ్లెంలో బోర్లించి పెట్టారు. తీసేముందు ప్రార్థన చేసుకున్నాను, ‘ప్రభువా, ఆ డబ్బు సంగతి ఏం చెయ్యమంటావో ఇందులో చెప్పు’ అని. యెషయా 43:18 వచ్చింది. ‘మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి, పూర్వకాలపు సంగతులను తలంచుకొనకుడి.’ చెయ్యి వణికింది. మా పాస్టరు అయ్యగారికి చూపిస్తే ‘దేవుడే మాట్లాడాడు, ఇంక వదిలెయ్’ అన్నారు. మా ఆవిడదీ అదే మాట. సంతోషించాలి కదా. కానీ పడుకుంటే మిల్లు చప్పుడు వినబడుతోంది. ఇది దేవుని నడిపింపేనా, నాకు కావలసిన మాటే నాకు దొరికిందా?

కువైట్ చెల్లి:

ప్రైజ్ ది లార్డ్ అన్నా. టెన్షన్ పడకండి. కొలొస్సయులకు 2:14 చదవండి, మన మీదున్న ఋణపత్రాన్ని ప్రభువు సిలువకు మేకులతో కొట్టేశాడు. కొట్టేసిన అప్పుని మళ్లీ మళ్లీ గుర్తు చేసేది సాతానే. నేను కూడా ఇక్కడికి వచ్చిన కొత్తలో పాత సంగతులు తలుచుకుని ఏడ్చేదాన్ని. మీ కోసం ప్రార్థిస్తాను.

రిటైరైన తెలుగు మాస్టారు:

బాబూ, ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని. విడిగా ఒక వాక్యం కనబడితే దాని ముందు ఏముందని అడగడం నా జబ్బు. మీ కార్డు మీద 18 ఉంది. 16, 17 తెరవండి. సముద్రంలో త్రోవ, రథాలు, గుర్రాలు. అంటే ఐగుప్తు నుంచి వస్తున్న ఇశ్రాయేలీయుల్ని దేవుడు దాటించిన ఎర్ర సముద్రం కథ. బబులోను చెరలో ఉన్నవాళ్లతో దేవుడు, ‘అప్పుడు చేసిన మేలునే తలుచుకుంటూ కూర్చోకండి, ఇంకో కొత్త పని చేస్తున్నాను’ అంటున్నాడు. తలంచుకోవద్దన్నది ఆయన చేసిన గొప్ప కార్యాన్ని. మీ తవుడు లెక్కని కాదు. పాపాలు జ్ఞాపకం చేసుకోనని అదే అధ్యాయం 25లో ఉంది, నిజమే. కానీ అక్కడ మరిచేది ఆయన, మీరు కాదు.

చీటీలు తీయడాన్ని నేను ఎగతాళి చెయ్యను. జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్లనే క్రైస్తవ సంఘంవాళ్లు 1731 నుంచి రోజుకో వాక్యం చొప్పున పుస్తకం అచ్చు వేస్తున్నారు. పాత నిబంధన వాక్యాన్ని చీటీ వేసి తీస్తారు. దానికి సరిపోయే కొత్త నిబంధన వాక్యాన్ని మాత్రం మనిషి కూర్చుని వెతికి పెడతాడు. చీటీని ఒంటరిగా వదలరు. అది నాకు నచ్చుతుంది.

కువైట్ చెల్లెమ్మ చెప్పింది తప్పు కాదు, సగం. 43:1లో ‘విమోచించియున్నాను’ అన్నచోట హీబ్రూలో ఉన్న మాట, పేదవాడు అమ్ముకున్న పొలాన్ని దగ్గరి బంధువు డబ్బు కట్టి విడిపించడానికి వాడే మాటే. మనం తాకట్టు విడిపించడం అంటామే, అలాంటిది. మిమ్మల్ని విడిపించిన వెల ఆయన కట్టాడు, సందేహం లేదు. మిల్లువాళ్ల 64,000 ఎవరు కట్టారు? లూకా 19లో జక్కయ్యని చూడండి, పన్నులు వసూలు చేసే సుంకరి, అన్యాయంగా తీసుకున్నదుంటే నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నాలుగంతలు ఇస్తానన్నాక ప్రభువు ఆ ఇంటికి వెళ్లలేదు, వెళ్లాకే జక్కయ్య నోటినుంచి ఆ మాట వచ్చింది. మీకు నాలుగంతలు కష్టమైతే లేవీయకాండం 6:5 ఉంది, అసలు, దాని మీద ఐదో వంతు. 12,800 కలిపితే 76,800.

ఇంకొకటి. యెషయా 30:21లో ‘ఇదే త్రోవ’ అనే శబ్దం వెనుకనుంచి వస్తుందని ఉంది. మీ మిల్లు చప్పుడు ఎటునుంచి వస్తోంది?

హమాలీ కొడుకు:

అందరూ డబ్బు లెక్కే వేస్తున్నారు. కాటా దగ్గర కుర్రాడి సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారేంటి సార్? మా నాన్న మీద కూడా ఒకసారి ఇలాగే వేశారు. బస్తాలు తర్వాత దొరికాయి, ఆ పేరు మాత్రం పోలేదు. మా అక్క సంబంధం కూడా దానివల్లే చెడింది. మిల్లు ఓనరుకి 64,000 పోతే ఒక సీజన్‌లో తిరిగొస్తుంది. మీరు వెళ్తే మహా అయితే తిడతారు, కేసు పెడతారు. ముందు ఆ కుర్రాడు ఎక్కడున్నాడో కనుక్కోండి. దీనికి ఏ కార్డూ అక్కర్లేదు.

కాలువగట్టు:

ఆలస్యానికి క్షమించండి. హమాలీ కొడుకు గారి మాట చదివాక వారం రోజులు ఇటు రాలేదు, కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆ కుర్రాడి సంగతి రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చివర్లో వేలు ఆగలేదు.

మిల్లు ఓనరు గారు పోయి మూడేళ్లయిందట. వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లాను. చేతిలో ఉన్న 40,000 ఇచ్చి, మిగతాది దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఇస్తానన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు లెక్కపెట్టుకుని, ‘ఐదో వంతు మాకొద్దు, ఆ కాటా అతనికి ఇచ్చుకో’ అన్నాడు. టీ ఇవ్వలేదు. ఇవ్వాలని లేదు కూడా.

కాటా కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లలు. తణుకు దగ్గర సిమెంటు ఇటుకల పని. రోడ్డు పక్కనే నిలబడి చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి, ‘మా అమ్మ ఇప్పటికీ నేనే తీశాననుకుంటోంది, వచ్చి ఆవిడకి చెప్పు’ అన్నాడు. డబ్బు ముట్టుకోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తున్నాను. మాస్టారూ, ఆవిడకి చెవుడట. పక్కింటివాళ్లకి వినబడేంత గట్టిగా చెప్పాలట.